పూలూరులో మా రెండు గదులు

ఆ రోజుల్లో నాందేడ్‌లో ఇంటర్నెట్ ఇంటికి వచ్చేది కాదు, మనమే దాని దగ్గరికి వెళ్ళి కూర్చోవాలి. అనుమానం మాత్రం నాకు ఇంట్లోనే పుష్కలంగా ఉండేది. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడనుకునేదాన్ని, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడనుకునేదాన్ని. "దేవుడే ఎదురుంగ వచ్చి నిలవడ్డా, నువ్వు ఎవరి తాలూకు అని అడుగుతది గీ పిల్ల" అని అమ్మ తల కొట్టుకునేది. అలాంటి నేను బీకాం చదువుతూ, కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేని ఒక ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాను.

కారణం మా అక్క. పెళ్ళయి పుణె వెళ్ళింది. ఫోన్ చేస్తే (ఆ ఇంట్లో ఫోను అత్తగారి మంచం పక్కనే ఉండేది) "మంచిగున్నం, మంచిగున్నం" తప్ప ఇంకో మాట రాదు. నిజంగా మంచిగా ఉన్నవాళ్ళు అన్నిసార్లు చెప్తారా? బావది కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. ఆదివారం కూడా డ్యూటీ అని వెళ్ళిపోతాడట. కొత్త పెళ్ళికొడుక్కి ఆదివారం డ్యూటీ ఏమిటి? నాకు అక్కడే తేడా కొట్టింది. ఆ ఆదివారాల్లోనే అక్క తనింట్లో బావ కంప్యూటర్ ముందు, నేను ఎస్టీ బస్సుల స్టాండ్ దగ్గరి ఇంటర్నెట్ కేఫ్‌లో కూర్చుని ఆ ఊళ్ళో కలుసుకునేవాళ్ళం. దాని అసలు పేరు ఇంగ్లిషులో ఏదో ఉండేది, మేం పూలూరు అనేవాళ్ళం. అక్కడ మనిషికో బొమ్మ. మన బొమ్మ నడుస్తుంది, ఇల్లు కడుతుంది, మనం టైపు చేసిన మాటలు మాట్లాడుతుంది. మాది రెండు గదుల ఇల్లు, ముందు కాసిన్ని బంతిమొక్కలు. (ఈమెయిల్ రాసుకుంటే పోయేదిగా అంటారా? పోయేదే. కానీ "గిది మనిల్లే, ఈడ నన్ను పిలిచెటోళ్ళు లేరు" అని అక్క అన్నాక ఇంకేం ఈమెయిల్?) అన్నీ చెప్పేది. బావ సంగతి అడిగితే మాత్రం దాని బొమ్మ లేచి వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోసేది. నా అనుమానం ఇంకో మెట్టు ఎక్కేది.

ఇంతలో ఏమైందో ఏమో, లోకమంతా పూలూరు మీద ఎగబడింది. తలుపు దగ్గరే "ఊరు నిండింది, ఆగండి" అని వచ్చేది. ఎలాగో లోపలికి పోతే బొమ్మ ఒక అడుగు వేయడానికి మనం ఒక చాయ్ తాగొచ్చు. చెట్లు ఆకుల్లేకుండా వచ్చేవి. చివరికి ఆ ఊరు నడిపే కంపెనీవాళ్ళు నోటీసు పెట్టారు: జనం పెరిగారు, జాగా చాలడం లేదు, ఆదివారం సాయంత్రానికి మనిషి కనబడని ఇళ్ళు కొత్తవాళ్ళకు ఇచ్చేస్తాం. ఆ ఇల్లు పోతే అక్క మళ్ళీ "మంచిగున్నం" దగ్గరికే వస్తుంది.

ముందు కేఫ్ నడిపే కాకాను అనుమానించాను. "కాకా, నాకు సన్న వైరు ఇచ్చినవు గదా?"

"తాయీ, సగళ్యాంచీ ఏకచ్ వాయర్ ఆహే! అందరికి ఒక్కటే వైరమ్మా," అని ఆయన దండం పెట్టాడు.

అసలు దొంగలు పక్క కుర్చీల్లో ఉన్నారు. ముఖేడ్ బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టే జనం మేం. పూలూరులోనూ అదే చేశారు. ఒకసారి లోపలికి పోయినవాడు బయటికి రాడు. బొమ్మను అక్కడే నిలబెట్టి, కుర్చీలో తమ్ముణ్ణి కూర్చోబెట్టి, ఇంటికెళ్ళి అన్నం తిని, స్నానం చేసి వస్తాడు. వీధుల నిండా ఉలుకూ పలుకూ లేని బొమ్మలు! ఇందరు రుమాళ్ళు వేస్తే ఊరు నిండక ఏం చేస్తుంది? ఛీ, ఏం మనుషులు అనుకుంటూ, శనివారం పొద్దున లోపలికి పోగానే నేనూ నా చున్నీ కుర్చీకి కట్టి, కాకాను కాపలా పెట్టి చాయ్‌కి వెళ్ళాను. నేను వచ్చేలోపు లోడ్‌షెడ్డింగ్ అని కరెంటు తీసేశారు. రుమాళ్ళన్నీ ఒక్క దెబ్బతో ఎగిరిపోయాయి. "బిజిలీ మేరే హాథ్ మే హై క్యా? కరెంటు నా చేతిల ఉందామ్మా?" అన్నాడు కాకా. ఆ మాటను కూడా నేను అనుమానించాను.

ఆదివారం పొద్దున నుంచీ తలుపు కొట్టగా కొట్టగా మధ్యాహ్నానికి లోపల పడ్డాను. పరుగున వెళ్తే (అంటే, రెండు చాయ్‌ల తర్వాత) మా గడపలో ఎవడో మీసాల బొమ్మ దర్జాగా కూర్చుని ఉన్నాడు. అప్పుడే ఇచ్చేశారా! నా ఒళ్ళు మండిపోయింది. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు తిట్లు దంచాను.

"ఎవడ్రా నువ్వు? లే ఆడికెళ్ళి! మా అక్క ఇల్లు గిది. దొంగమొఖపోడా, జాగా దొరకలేదా నీకు?"

బొమ్మ ఉలకలేదు. ఇంకా తిట్టాను. నాకు తెలిసినవి అయిపోయాక మరాఠీలో మొదలుపెట్టాను. అప్పుడు ఆగి ఆగి వచ్చాయి జవాబులు.

"మర్దలా, నేను. బావను."

"మీ అక్క పొద్దుగాల సంది లోపటికి రాలేకపోతున్నది. ఇల్లు పోతదని ఒకటే ఏడ్పు. నేను ఆఫీసుల కూసొని ఎట్లనో చొచ్చిన. ఎవ్వరొచ్చి తిట్టినా లేవద్దని చెప్పింది."

భూమి చీలితే బాగుండునని చూశాను. పూలూరులో ఆ సౌకర్యం లేదు. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? "మరి ఆదివారం డ్యూటీ ఎందుకు వేస్తరు నీకు?" అని అడిగాను.

"వేస్తలేరు, నేనే అడిగి తీసుకుంటున్న. నేను ఇంట్ల ఉంటే మీ అక్క నీతోని మనసు విప్పి మాట్లాడుతదా?"

అంతలో అక్క లోపలికి వచ్చింది. నా తిట్లన్నీ ఇంకా తెర మీదే ఉన్నాయి. చదివింది.

"ఏందే, ఎంత మాటన్నవు! పొద్దుగాల చాయ్ గూడ తాగకుండ ఉరికిండు గీ ఇంటి కోసం. నాకు జ్వరమొస్తే నా పక్కనుంచి కదలనోడు, అత్త ఒక మాటంటే అడ్డమొచ్చెటోడు, అసుంటోన్ని పట్టుకొని దొంగమొఖపోడంటవా?"

సిగ్గూ, మొక్కలకు నీళ్ళు పోయడమూ మరిచి అక్క అలా తిడుతూనే ఉంది. నేను చదువుతూనే ఉన్నాను. కేఫ్‌లో చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వుతున్న అప్పటి నన్ను, ఆ వెర్రిపిల్లను తలుచుకుంటే ఈ వయసులో కూడా దాని జడ పట్టుకుని ఒక్కసారి లాగాలనిపిస్తుంది. ఆ రోజు మొట్టమొదటిసారిగా, అక్క అక్కడ సుఖంగానే ఉందేమోనని నాకు అనుమానం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నేను పడ్డ అనుమానాల్లో నిజమైంది అదొక్కటే.