పిడికెడు గింజల కుండ

పోయిన ఆదివారం మా గుడిలో సంస్కారం, యేసు ప్రభువు బల్ల. మోకాళ్ళు వంగని ముసలివాళ్ళం ఓ నలుగురం ఉన్నాం. మమ్మల్ని బల్ల దగ్గరికి రమ్మనకుండా అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం మా కుర్చీల దగ్గరికే పంపిస్తారు. పళ్ళెం నిండా బొటనవేలంత ప్లాస్టిక్ గిన్నెలు, ఒక్కొక్కదాంట్లో గుక్కెడైనా ఉండని రసం, ఎవరిది వాళ్ళకే. ఆరాధన అయ్యాక ఆ అయ్యగారే, నా పెద్ద మనవడి ఈడువాడు, వచ్చి నా చెయ్యి పట్టుకుని, వచ్చే నెల కుటుంబాల ఆదివారం పెడుతున్నామనీ, కొత్తగా పెళ్ళైన జంటలకు ఇంట్లో సమాధానంగా ఎలా బతకాలో పెద్దదాన్నిగా నేను నాలుగు మాటలు చెప్పాలనీ, నిలబడి చెప్పలేకపోతే రాసిచ్చినా చదివిస్తామనీ అన్నాడు. నలభై ఏళ్ళు ఉమ్మడి కుటుంబాన్ని ఒకే పొయ్యి మీద నడిపిన మనిషినట నేను. ఇంటికొచ్చి కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే మొదటి వాక్యమే అబద్ధమైంది. దాన్ని చింపేసి ఇది రాస్తున్నాను. కరువు చూసిన నా ఈడువాళ్ళు ఎవరైనా ఉంటే, నేను చెప్పబోయేది వాళ్ళకు త్వరగా అర్థమవుతుంది.

మా నాన్న నందికొట్కూరు పక్క ఒక పల్లెలో ఉపదేశి. గుడి ఊడ్వడం నుంచి వాక్యం చెప్పడం దాకా అన్నీ ఆయన పనులే, సంస్కారం ఇవ్వడం తప్ప. దానికి మాత్రం పెద్ద అయ్యగారు మూడు నెలలకోసారి సైకిలు తొక్కుకుంటూ రావలసిందే. ఆయన వచ్చే ఆదివారానికి ముందు శనివారం మా నాన్న కండువా భుజాన వేసుకుని పేటంతా తిరిగేవాడు. పగ పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదని మా సంఘం కట్టుబాటు, మాటలు లేనివాళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడి తప్పు ఒప్పుకుని చేతులు పట్టుకున్నాకే రొట్టె ముట్టాలి. గట్టు జరుపుకున్న అన్నదమ్ములనీ, కోడి పొరుగింట గుడ్డు పెట్టిందని కొప్పులు పట్టుకున్న ఆడవాళ్ళనీ ఆయన ఎంత ఓపికగా కలిపేవాడో, వెనకాలే తిరిగి నేను కళ్ళారా చూశాను. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు అనేవాడు. ఆ మాట నాకు బాగా ఒంటబట్టింది. ఆయన ముందుగా ఏం జరిగిందో ఇద్దరినీ అడిగి తెలుసుకున్నాకే చేతులు కలిపించేవాడన్న సంగతి మాత్రం, రోజూ చూస్తూ కూడా, ఒంటబట్టలేదు.

ఉపదేశి కూతురనే పేరుతోనే పెద్దకోడలిగా అత్తవారింట అడుగుపెట్టాను. అది కూడా ఆ చుట్టుపక్కల పల్లెనే, నల్లరేగడి మధ్యన మట్టి మిద్దె. మా అత్తగారు నోటి దురుసు మనిషి, మనసు మాత్రం మంచిది, అయితే ఆ మంచి బయటపడటానికి కాస్త సమయం పట్టేది. మరిదికి బద్వేలు వైపు నుంచి పిల్లను తెచ్చారు. పదిహేడేళ్ళది, పొడుగ్గా, పలచగా, పది అడిగితే ఒకటి పలికే పిల్ల. అత్తగారు విసిరిన మాటను సగం మింగి మిగతా సగాన్ని మెత్తగా ఆ పిల్లకు చేరవేయడం, ఆ పిల్ల మౌనానికి నేనే మంచి మాటలు తొడిగి అత్తగారికి వినిపించడం నా నిత్యకృత్యం. ఊళ్ళో వాళ్ళు నన్ను మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పు నాకు మజ్జిగన్నంలో ఊరగాయలాగా అలవాటైపోయింది.

ఇక ఆ కుండ సంగతి. మా ఆడవాళ్ళకు అప్పట్లో ఒక ఆచారం ఉండేది. పూటపూటా ఎసట్లో గింజలు పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్ళం. అది దేవుని పాలు, ఆయన వంతు. సంస్కారపు ఆదివారం నాడు ప్రతి ఇంటి కుండనూ గుడికి తీసుకుపోయి బల్ల ముందు దుప్పటి మీద గుమ్మరించేవాళ్ళం, ఆ గింజలు విధవరాళ్ళకూ, దిక్కులేనివాళ్ళకూ పోయేవి. మా ఇంట్లో ఆ కుండ వంటింటి మూలన, మూతికి తెల్లగుడ్డ కట్టి ఉండేది. అత్తగారు తప్ప ఎవరూ దాని గుడ్డ విప్పకూడదు. పిడికెడు ఆమె చేత్తోనే పడాలి.

కర్నూలులో గుడారాలేసి రాజధాని పెట్టారే, దానికి ఏడాది ముందు మాట. వానలు మొహం చాటేసి అప్పటికి ఎన్నేళ్ళయిందో లెక్క మరిచిపోయాం. మగవాళ్ళు కరువు పనుల్లో రోడ్డుకు కంకర కొట్టేవాళ్ళు. ఇంట్లో కొర్రలు నెల ముందే అయిపోయాయి, ఉన్న జొన్నలే అత్తగారు కొలిచి ఇచ్చేది, ఆ కొలతలో పిడికెడు తగ్గించి మరీ కుండలో వేసేది. నా పెద్దకొడుక్కి అప్పుడు ఏడాదిన్నర. విరేచనాలు పట్టుకుని, కళ్ళు లోపలికి పోయి, సంకటి మింగలేక నా భుజాన తడిగుడ్డలాగా వాలిపోయి ఉండేవాడు. నా దగ్గర పాలు ఇంకిపోయాయి. ఒకరోజు అత్తగారు బావికి పోయినప్పుడు ఆ గుడ్డ విప్పి, జొన్నల అడుగున ఉన్న పాత కొర్రలు పిడికెడు తీశాను. నూరి, పలచగా అంబలి కాచి పోస్తే వాడు తాగాడు, తాగి నిద్రపోయాడు. ఆ మర్నాడూ తీశాను. పన్నెండు రోజులు తీశాను. మా నాన్న జొన్నలు పంపుతానన్నాడు కాబట్టి అవి రాగానే తిరిగి పోసేద్దామని రోజూ అనుకున్నాను. అత్తగారిని అడిగి ఉంటే ఇచ్చేదేమో. ఉపదేశి కూతురు దేవుని కుండలో చెయ్యి పెట్టబోయిందని ఆమె నోట వినడం ఇష్టం లేక అడగలేదు.

నాన్న జొన్నలు రాకముందే శనివారం వచ్చింది. మర్నాడు గుడికి తీసుకుపోవడానికి అత్తగారు కుండ ఎత్తింది. ఆ చీకటి మూలన గింజలు వేసేటప్పుడు కంటికి ఆననిది, ఎత్తగానే ఆమె చేతికి తెలిసిపోయింది. గుడ్డ విప్పి చూసి, నట్టింట్లో కూలబడింది. కాసేపటికి తేరుకుని తిన్నగా చిన్నకోడలి వైపు చూసింది. అంతకు వారం ముందే ఆ పిల్ల తల్లి బద్వేలు నుంచి వచ్చి, రెండు రోజులుండి, పోతూ పోతూ చెంగున మూట కట్టుకుని పోయింది. ఆ మూటలో ఉన్నది చింతచిగురు. ఆ పిల్లా నేనూ కలిసి కోశాం. ఆ సంగతి మా ఇద్దరికీ తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

"దేవుని నోటి కాడ కూడు తీసి పుట్టింటికి పంపినాది" అంది అత్తగారు. ఆ పిల్ల తీయలేదని ఒక్కసారే చెప్పి ఊరుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను అప్పుడే లోపలికి పోయి, ఏడవని పిల్లవాణ్ణి ఊరుకోబెట్టసాగాను. మధ్యాహ్నం మగవాళ్ళు వచ్చేసరికి మాట మాట పెరిగింది. మా ఆయన మరదలి పుట్టింటివాళ్ళను తూలనాడాడు, మరిది అన్న మీదికి చెయ్యెత్తి, రేపటి నుంచి మా పొయ్యి వేరు అన్నాడు. అత్తగారు గుండెలు బాదుకుంటూ, రేపు బల్ల దగ్గరికి ఏ మొహంతో పోవాలని ఏడ్చింది. ఏడుస్తూనే నా వైపు తిరిగింది. "నువ్వు ఉపదేశి బిడ్డవు గదమ్మా, నువ్వే ఏదన్నా చెయ్యి" అంది.

నేను తీశాను అత్తా అని ఆ క్షణాన అనవలసింది. మూడు మాటలు. అంటే కొట్లాట అక్కడికక్కడే చల్లారేది. ఆ మూడు మాటలూ నా నాలుక దాటలేదు, నా పేరు పోతుందనే భయం ఒక్కటే అడ్డం పడింది. ఇంటికోసం ఊరుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను గానీ, ఈ వయసులో ఆ ముసుగు కూడా ఎందుకు?

పశువుల కొట్టంలో, అమ్మేసిన ఎద్దుల గుంజకు ఆనుకుని కూర్చుంది ఆ పిల్ల. నేను పక్కన కూర్చుని ఇల్లు చీలిపోతుందనీ, తెగేదాకా లాగకూడదనీ, అత్త ముందర ఒక్కసారి తల వంచితే ఏమీ అరిగిపోదనీ మా నాన్న గొంతుతో మెత్తగా చెప్పాను.

"నేను తీయలేదక్కా" అంది.

"తీసినావా లేదా అని కాదు పాపా. ఇల్లు నిలబడాల."

నా చంకలో పిల్లవాడు ఉన్నాడు. వాడి మూతి చుట్టూ ఎండిన అంబలిని ఆమె తన చెంగుతో తుడిచి, "సరే అక్కా, అంటాను" అని లేచింది.

అందరి ముందూ అనింది. తప్పయిపోయిందత్తా, క్షమించు అనింది. అత్తగారు కరిగిపోయి ఆ పిల్లను కావలించుకుంది, అన్నదమ్ములు చేతులు పట్టుకున్నారు, నేను ప్రార్థన చేశాను. ఔను, నేనే చేశాను. ఆ సాయంత్రం వాకిట్లో మా అత్తగారు పక్కింటివాళ్ళతో, ఇటువంటి కోడలు దొరకడానికి పెట్టి పుట్టాలని నా గురించి చెబుతుంటే, లోపల కూర్చుని విన్నాను.

అప్పుడు గుడిలో ఒకే పాత్ర ఉండేది. ఇత్తడి పాత్ర, మొదటి వరస నుంచి చేతులు మారుతూ వచ్చేది, ఒకరు తాగి అంచు తుడిచి పక్కవాళ్ళకు అందించేవాళ్ళు. మర్నాడు అత్తగారు తాగి నాకిచ్చింది. నేను తాగి నా పక్కనున్న తోడికోడలికి ఇచ్చాను. ఆమె రెండు చేతులా అందుకుంది, కాసేపు పట్టుకుంది, పెదవికి తాకించకుండానే పక్కామెకు ఇచ్చేసింది. గుడంతా చూసింది. దొంగతనం చేసింది కదా, సిగ్గుపడుతోందిలే, వచ్చేసారికి సర్దుకుంటుంది అనుకున్నారు.

సర్దుకోలేదు. మూడు నెలల తర్వాతా అంతే, ఆ తర్వాతా అంతే. గుడికి మానలేదు, పిడికెడు మానలేదు, ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ముందు లేచేది తనే. పాత్ర మాత్రం ముట్టేది కాదు. నా కొడుకు బతికాడు. నాన్న జొన్నలు వచ్చాయి, వానలు కూడా ఎప్పుడో వచ్చాయి, ఎవరూ చూడకుండా నేను ఆ కుండలో పన్నెండు పిడికిళ్ళు పోశాను. అత్తగారితో చెబుదామనుకుంటూనే ఏళ్ళు దొర్లించాను. ఆమె పోయే ముందు కూడా నా చెయ్యే పట్టుకుని, చిన్నదాన్ని కడుపులో పెట్టుకోమని అప్పగించింది. అలాగే అత్తా అన్నాను.

అత్తగారి దినం అయిపోయాక ఒక మధ్యాహ్నం మిద్దె మీద మేమిద్దరం విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తున్నాం. ఇక ఉండబట్టలేక, ఆ కుండ సంగతి నీకొకటి చెప్పాలి అని మొదలుపెట్టాను. ఆమె తలెత్తలేదు.

"ఆ పొద్దే తెలుసక్కా. మనింట్లో వండుకునేది జొన్నలు. వాని మూతికి ఉండేది కొర్ర అంబలి. కొర్రలుండేది ఆ కుండలోనే."

తెలిసి ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. బిడ్డ బతకాల గదా అంది. నీ పేరు పోతే అత్త ఆ అంబలి కూడా సాగనిచ్చేది కాదేమో అని భయపడిందట. మరి పాత్ర ఎందుకు ముట్టవని అడిగాను.

"సంస్కారానికి ముందు అబద్ధం చెప్పినా గదా. అత్త ముందర అన్న మాట అత్త ముందరే దిద్దుకోవాల. ఆమె యాడుండాది ఇప్పుడు?"

అయ్యగారితో, సంఘంతో నేను చెబుతాను, నీ చోటు నీకు ఇప్పిస్తాను అన్నాను. ఆమె నవ్వి, నీ కొడుకు పెండ్లి పెట్టుకుని ఇప్పుడెందుకులే అక్కా అంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆమె వద్దందని ఊరుకున్నాను. పెళ్ళైంది, మనవళ్ళు పుట్టారు, వాళ్ళ పెళ్ళిళ్ళూ అయ్యాయి, ఆమె వద్దన్న మాట మాత్రం నాకు చెల్లుతూనే వచ్చింది. పదేళ్ళ కింద ఆమె పోయింది. సమాధి పెట్టేటప్పుడు కూడా, ఎన్నడో చిన్నతనాన చేసిన తప్పుకు పాపం బతుకంతా కుమిలిందని ఎవరో ముసలామె అంటుంటే, నేను విని తల దించుకున్నాను. జనం దాన్ని దుఃఖం అనుకున్నారు.

ఇప్పుడు పిడికెడు కుండలు లేవు. కానుకల కవర్లు వచ్చాయి. శనివారం ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఎవరితో మాటలు లేవో అడిగే ఉపదేశీ లేడు, అడిగితే ఊరుకునేవాళ్ళూ లేరు. అయ్యగారూ, మీరడిగిన నాలుగు మాటలు ఇవే. చదివిస్తే మొత్తం చదివించండి, ఆమె తీయలేదన్న మాట దగ్గర మాత్రం కాస్త గట్టిగా చదవమనండి.

పోయిన ఆదివారం పళ్ళెం నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ చిన్న గిన్నె తీసుకుని, ఆమెలాగే కాసేపు పట్టుకుని, తాగకుండా తిరిగి పెట్టేశాను. బతుకులో మొదటిసారి. పాత రోజులైతే గుడంతా చూసేది, ఎందుకమ్మా అని మా నాన్నలాంటివాడెవరో వచ్చి అడిగేవాడు. గిన్నె నిండుగా వెనక్కి పోయింది, పళ్ళెం పట్టుకున్న పిల్ల పక్క కుర్చీకి జరిగింది, ఎవరూ ఏమీ అడగలేదు.