ఫ్రెంచిలో నాకో కుక్క ఉంది

ఫ్రెంచిలో నాకో కుక్క ఉంది. గోధుమ రంగుది, చెవులు వేలాడుతుంటాయి, వాన పడితే బయటికి రానని మొండికేస్తుంది. శనివారం పొద్దున నేను ఈతకి వెళతాను. మధ్యాహ్నం స్నేహితురాళ్ళతో మార్కెట్టుకి వెళ్ళి చీజు, పళ్ళు కొంటాను. ఆదివారం అందరూ మా ఇంటికొస్తారు, భోంచేస్తాం, పేకాడుకుంటాం. పోయిన వేసవిలో సముద్రం దగ్గరికి వెళితే కుక్క తప్పిపోయి సాయంత్రానికి దొరికింది కూడా.

తెలుగులో నాకు కుక్కా లేదు, పిల్లీ లేదు. ఈత అసలే రాదు. గోదావరి ఒడ్డున పుట్టి ఈత రాదంటే నవ్వుతారని ఆ సంగతి ఎవరికీ చెప్పను. ఇంగ్లండులో నార్తాంప్టన్ అనే ఊళ్ళో ఒక పాత ఇంటి పై అంతస్తులో గది అద్దెకి తీసుకుని ఉంటున్నాను. ఇక్కడొక హైస్కూల్లో ఇంగ్లీషు పిల్లలకి ఫ్రెంచి చెబుతాను.

భాష చెప్పే ప్రతి టీచరుకీ ఇలాంటి ఉత్తుత్తి సంసారం ఒకటి ఉంటుంది. పదకొండేళ్ళ పిల్లల చేత 'నాకొక కుక్క ఉంది' అనిపించాలంటే ముందు టీచరుకి ఉండాలి. జరిగిపోయినవి చెప్పడం నేర్పాలంటే పోయిన ఆదివారం టీచరు ఏదో ఒకటి చేసి ఉండాలి. 'పోయిన ఆదివారం పడుకుని పైకప్పు చూశాను, బట్టలుతుక్కున్నాను, మళ్ళీ పైకప్పు చూశాను' అంటే వాక్యాలు సరిగ్గానే ఉంటాయి కానీ పాఠం ముందుకి పోదు. అందుకని వచ్చిన కొత్తలోనే కుక్కని పెంచుకున్నాను. ఈ మూడేళ్ళలో దానికి జలుబు చేసింది, పుట్టినరోజు జరిగింది, పక్కింటివాళ్ళ పిల్లితో గొడవైంది. కారిడార్లో చిన్నపిల్లలు ఎదురై, "మిస్, కుక్కకి తగ్గిందా?" అని అడుగుతారు. తగ్గిందని చెబుతాను. ఆ కుక్క గురించి అడిగినంత ప్రేమగా నా గురించి ఎవరూ అడగలేదని ఒకసారి దానిమీద కోపం కూడా వచ్చింది. లేని కుక్కమీద కోపమేమిటని తర్వాత నాకే నవ్వొచ్చింది.

తెలుగమ్మాయికి ఫ్రెంచి ఏమిటని అడిగేవాళ్ళకి ఒకటే జవాబు, మాది యానాం. మా వీధిలో ఫ్రెంచి పింఛను తీసుకునే తాతగారొకాయన ఉండేవారు. సాయంత్రాలు అరుగుమీద కూర్చోబెట్టి నాకు ఆ భాష నేర్పారు. తర్వాత పాండిచ్చేరిలో ఎం.ఏ., హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం. ఈ దేశంలో ఫ్రెంచి చెప్పేవాళ్ళు దొరకడం లేదని తెలిసి దరఖాస్తు పెట్టుకున్నాను. పిలిచారు, వచ్చాను. ఇంగ్లీషు వాళ్ళ దేశంలో ఇంగ్లీషు వాళ్ళ పిల్లలకి తెలుగువాళ్ళమ్మాయి ఫ్రెంచి చెప్పడం! ఇక్కడి తెలుగువాళ్ళు ఒక ఉగాదికి పిలిస్తే వెళ్ళాను. గుంటూరు నుంచి వచ్చి ఐటీలో స్థిరపడ్డ అంకుల్ ఒకాయన పచ్చడి చేత్తో పట్టుకుని, "ఫ్రెంచేంటమ్మా? అంత దూరం వచ్చి ఫ్రెంచి చెప్పుకోవటమేంటి? టెస్టింగ్ కోర్సు చేయకపోయావా?" అన్నారు. జీతమెంతో అడిగారు, వీసా ఏమిటో అడిగారు, పెళ్ళెందుకు కాలేదో అడిగారు. పులిహోర తిన్నానా అని మాత్రం అడగలేదు. మరుసటి ఏడాది మళ్ళీ పిలిచారు గానీ నేనే వెళ్ళలేదు.

అడగడమే నా ఉద్యోగం. నీ పేరేమిటి, నీ వయసెంత, మీ ఊరెలా ఉంటుంది, నిన్న ఏం తిన్నావు, రేపు ఏం చేస్తావు? పొద్దుటినుంచి సాయంత్రందాకా అడుగుతూనే ఉంటాను. స్టాఫ్‌రూములో అందరూ మంచివాళ్ళే. "ఆల్‌రైట్?" అంటారు. మొదట్లో అది ప్రశ్న అనుకుని ఆగి, నిన్న రాత్రి కాస్త తలనొప్పి వచ్చిందని చెప్పడం మొదలుపెట్టేదాన్ని. చూస్తే మనిషి అప్పటికే కెటిల్ దగ్గరికి వెళ్ళిపోయి ఉండేవాడు. శుక్రవారం సాయంత్రం అందరూ హ్యావ్ ఎ నైస్ వీకెండ్ అని కార్లెక్కితే, సోమవారం పొద్దున గుడ్ మార్నింగ్ చెప్పేదాకా నా గొంతు నాకే వినపడేది కాదు. ఒక సోమవారం హాజరు పిలవబోతే గొంతు పెగలక దగ్గాల్సి వచ్చింది. జలుబు చేసిందనుకున్నారు పిల్లలు. ఒంటరితనం అంటే ఇదేనని ఆ రోజు నాకు స్పష్టంగా తెలిసింది, గొంతుకి తుప్పు పట్టడం.

నిజం మాట్లాడుకోవడానికి నాకు మిగిలింది మా అక్క. కాకినాడలో ఉంటుంది. స్కూలు వదిలాక బస్సెక్కి, పై డెక్కులో కూర్చుని ఫోన్ చేసేదాన్ని. అప్పటికి అక్క వంటిల్లు సర్దుకుని తీరిగ్గా ఉంటుంది. సెలవురోజుల్లో మాత్రం చేసేదాన్ని కాదు, ఒంటరిగా ఉన్నానని గొంతులో పట్టేస్తుందని. బస్సులో నిర్భయంగా, గొంతెత్తి మాట్లాడేదాన్ని. అక్కడ తెలుగు ఎవరికొస్తుందిలే అని ధీమా. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు లేకేం, ఉన్నారు, కానీ వాళ్ళు కార్లలో తిరుగుతారు. బస్సులో వెనక సీట్లలో మా స్కూలు పిల్లలు కొందరుండేవారు. వాళ్ళలో నా పదకొండో తరగతి అమ్మాయి ఒకతె. చామనఛాయ, చెవుల్లో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు, మహా మితభాషి. పేరు క్రైస్తవుల పేరు. తల్లి ఇక్కడి ఆస్పత్రిలో నర్సు. కేరళవాళ్ళయి ఉంటారని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. పేరెంట్స్ ఈవెనింగ్‌కి తల్లి ఎప్పుడూ రాలేదు, డ్యూటీ రోటా కుదరలేదని కబురు పంపేది. బస్సులో ఆ పిల్లకి తలూపి ముందు సీట్లో కూర్చుని ఫోన్ తీసేదాన్ని.

ఈ ఏడాది ఈస్టర్ సెలవులు గడిచిన తీరు నేను ఎవరికీ చెప్పుకోలేను. స్కూలు తెరిచిన రోజే బస్సులో అక్క దగ్గర బయటపడిపోయాను.

"తిన్నావేంటే?" అంది అక్క.

"ఆయ్, తిన్నాను. బ్రెడ్డు."

"ఆ ఏడుపేంటే గొంతులో?"

"ఏడుపు కాదక్కా, విసుగు. ఇన్నిరోజులు సెలవులిచ్చారా, ఒక్క మనిషి తలుపు కొట్టలేదు. కొట్లో అమ్మాయి సంచీ కావాలా అని అడిగింది చూడు, అదొక్కటే నాతో ఎవరైనా మాట్లాడింది. పిల్లలకేమో కుక్క కబుర్లు చెప్తున్నాను. కుక్కకి స్నానం చేయించానంట, దాంతో పార్కుకి వెళ్ళానంట! నా మొహం, గదిలో కూర్చుని గోడలతో మాట్లాడుకుంటున్నాను."

అక్క అంది, "వచ్చేయవే. విశాఖలో ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఇంకా అడుగుతానే ఉన్నారు. ఎవర్ని ఉద్ధరిద్దామని అక్కడ?"

"పరీక్షలు అవ్వనీ అక్కా. వచ్చేస్తాను."

వేసవిలో మానేయాలంటే మే నెలాఖరులోగా స్కూల్లో చెప్పాలి. చెప్పేద్దామనే అనుకున్నాను. ఈ దేశంలో నేను ఉన్నా లేకపోయినా తేడా తెలిసే మనిషి ఒక్కరైనా ఉన్నారా అని వెతికి చూసుకున్నాను. ఎవరూ కనపడలేదు. అలాంటి చోట ఉండి ఏం చేయాలి?

ఆ తర్వాతే పదకొండో తరగతి వాళ్ళకి ఇక్కడి పబ్లిక్ పరీక్షలైన జీసీఎస్‌ఈ మౌఖిక పరీక్షలు మొదలయ్యాయి. పుస్తకాల గది ఖాళీ చేసి, తలుపుకి నిశ్శబ్దం అని కాగితం అంటించి, బల్లమీద రికార్డరు పెట్టి, ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తాం. పిల్లలు, టీచరు, మధ్యలో ఆ యంత్రం. రికార్డు చేసినదాన్ని ఎక్కడో ఒక పరీక్షకుడు విని మార్కులేస్తాడు. అందులో ఒక నియమం ఉంది. విద్యార్థి కూడా టీచర్ని కనీసం ఒక ప్రశ్న అడగాలి, అడక్కపోతే మార్కులు పోతాయి. భయంలో పిల్లలు అది మరిచిపోతారు. అందుకని క్లాసు మొత్తానికి ఒకటే ప్రశ్న బట్టీ పట్టించాను, 'మీకు సినిమాలంటే ఇష్టమా, మేడమ్?' అని. పొద్దుటినుంచీ లోపలికొచ్చిన ప్రతివాళ్ళూ అదే అడిగారు. ఇష్టమే, ముఖ్యంగా హాస్యచిత్రాలు అని నేను ప్రతిసారీ చెప్పాను. ఏడాది మొత్తంమీద నన్ను ఎవరైనా ఏదైనా అడిగారంటే అది నేను నేర్పిన ప్రశ్నే.

ఇంకో సూత్రం కూడా నూరిపోశాను. ఏది చెప్పినా దానిమీద మీ అభిప్రాయం చెప్పండి, అభిప్రాయం చెప్పాక 'ఎందుకంటే' అని కారణం చెప్పండి, దానికి మార్కులెక్కువ. ఈ ఊరు బాగుంది, ఎందుకంటే పార్కులున్నాయి. గణితం కష్టం, ఎందుకంటే హోంవర్కు ఎక్కువ. ఎందుకంటే, ఎందుకంటే అని చిలకల్లా చెబుతారు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి వంతు వచ్చింది. రికార్డరు నొక్కాను. ఖాళీ సమయం గురించి అడిగితే చక్కగానే చెప్పింది. శనివారం అమ్మకి సెలవుంటే ఇద్దరం కలిసి వంట చేస్తాం, అమ్మకి డ్యూటీ ఉంటే నేను ఒక్కదాన్నే ఇంట్లో ఉంటాను, అప్పుడు ఇల్లు పెద్దగా అనిపిస్తుంది అంది. చివరి వాక్యం నేను నేర్పింది కాదు. బాగుందని లోపల సంతోషించి, ఇక ప్రశ్న అడగమన్నట్టు చూశాను. సినిమాల ప్రశ్నకి జవాబు నాలుక చివరే ఉంది.

ఆ పిల్ల రికార్డరు వంక కాసేపు చూసింది. తర్వాత నా వంక చూసి ఫ్రెంచిలో మెల్లగా, మాట మాట కూడబలుక్కుంటూ అడిగింది. "కుక్క లేకుండా, శనివారం మీరు ఏం చేస్తారు మేడమ్?"

రికార్డరు తిరుగుతోంది. వినే పరీక్షకుడికి అందులో వింతేమీ ఉండదు, ఏదో కుక్క గురించిన ప్రశ్న. నాకు మాత్రం ఈ పిల్లకెలా తెలుసు అన్నది ఒక్కటే తలలో తిరుగుతోంది. జవాబు చెప్పకుండా కూర్చుంటే పిల్ల మార్కులు పోతాయి. ఈతకి వెళతానని చెప్పడం ఎంతసేపు? మూడేళ్ళుగా చెబుతున్నదే. కానీ ఆ కళ్ళలోకి చూస్తూ చెప్పలేకపోయాను.

"ఏమీ చేయను," అన్నాను ఫ్రెంచిలో. "గదిలో ఉంటాను. పడుకుని పైకప్పు చూస్తాను." ఆ భాషలో నా గురించి నేను చెప్పుకున్న మొదటి నిజం అది.

"అది విచారకరం," అంది ఆ పిల్ల. కారణం కోసం తడుముకుంది. నేర్పింది నేనే కదా, కారణం చెప్పకుండా ఎలా ఆపుతుంది? "ఎందుకంటే మీరు మంచివారు."

సమయం అయిపోయింది. రికార్డరు ఆపాను.

తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "మిస్," అని ఆగి, ఇంగ్లీషు యాసలో ఒక్కొక్క మాటా కూర్చుకుంటూ తెలుగులో అంది, "మీరు వెల్లిపోతారా?"

"నీకు తెలుగొచ్చా?"

"అర్థమవుతుంది, మాట్లాడటమే సరిగా రాదు," అంది ఇంగ్లీషులో. "మా మమ్మీది అమలాపురం. తను కూడా మీలాగే అన్నిటికీ ఆయ్ అంటుంది. బస్సులో మీ మాట వింటే మమ్మీ మాట్లాడుతున్నట్టే ఉండేది. సారీ మిస్, వినకూడదని హెడ్‌ఫోన్స్ పెట్టుకునేదాన్ని. కానీ అందులో పాటలు ఆపేసి ఉంచేదాన్ని."

అమలాపురం! మా యానాంకి నాలుగడుగుల దూరం. మూడేళ్ళుగా నా వెనక సీట్లో మా గోదావరి కూర్చుని నా ఏడుపంతా వింటోంది, నేనేమో దానికి కేరళ అని పేరు పెట్టి తలూపుతున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు వెనకాలే, ఎందుకో చెప్పలేను, గుండెలో బరువు కాస్త దిగింది.

"శనివారం మమ్మీకి ఆఫ్," అంది. "చేపల పులుసు పెడుతుంది. మిమ్మల్ని తీసుకురమ్మంది."

పిల్లల ఇళ్ళకి మేము వెళ్ళకూడదు. ఈ దేశంలో టీచర్లకి అది గట్టి నియమం, మంచిదే కూడా. "స్కూల్లో ఉన్నన్నాళ్ళు రాకూడదమ్మా," అన్నాను. "పులుసు తిన్నట్టే అని మీ మమ్మీకి చెప్పు." ఆ స్కూలు గోడల మధ్య నేను తెలుగులో మాట్లాడటం ఆ రోజే మొదటిసారి. ఆ పిల్ల తలూపి వెళ్ళిపోయింది. బయట కుర్చీలో తర్వాతి విద్యార్థి కూర్చుని ఉన్నాడు. లోపలికొచ్చి, నాకు సినిమాలంటే ఇష్టమా అని అడిగాడు.

పరీక్షల సెలవులకని పదకొండో తరగతి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి సిక్స్త్ ఫారం, అంటే మన ఇంటర్ లాంటి చదువుకి వేరే చోట చేరుతోంది, ఆ బస్సులో ఇక రాదు. మే నెలాఖరు వచ్చింది. నేను స్కూల్లో ఏమీ చెప్పలేదు. అక్కతో ఈ ఏడాదికి రానులే అన్నాను. కారణం చెప్పమని నిలదీసింది. ఒక పిల్ల నన్నొక మాట అడిగిందని చెప్పాను. "ఆ మాత్రానికేనా?" అంది అక్క. ఆ మాత్రానికే.

శనివారాలు మారలేదు. పైకప్పు అదే, బ్రెడ్డు అదే. కుక్కని మాత్రం వదిలేశాను, కొత్తగా వచ్చిన చిన్నపిల్లలకి దాని సంగతి చెప్పలేదు. వాళ్ళకి మా అక్క గురించి చెబుతున్నాను.

సాయంత్రం బస్సులో పై డెక్కు ఎక్కగానే ఇప్పుడు వెనక సీట్ల వైపు ఒకసారి చూస్తాను. ఇంగ్లీషు పిల్లలు, అలిసిపోయిన ముసలివాళ్ళు, తెలియని మొహాలు. కూర్చుని అక్కకి ఫోన్ చేస్తాను. ఇదివరకు తెలుగు ఎవరికీ రాదులే అని గట్టిగా మాట్లాడేదాన్ని. ఇప్పుడు అంతకన్నా గట్టిగా మాట్లాడుతున్నాను, ఎవరికైనా వచ్చేమోనని.