పరేడ్‌లో పచ్చని కాళ్లు

ఇరవై ఏళ్ల కిందటి ఫిబ్రవరిలో నన్ను ఆర్మూర్‌కు మేజిస్ట్రేట్‌గా వేశారు. పసుపు సీజన్ ఊపు మీదుంది. చేరిన రెండో వారంలోనే పోలీసుల నుంచి అర్జీ వచ్చింది, ఒక దొంగతనం కేసులో గుర్తింపు పరేడ్ జరపాలని.

అనుమానితుడు సాయిలు, పసుపు మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ. కమ్మర్‌పల్లి నుంచి పసుపు అమ్ముకోవడానికి వచ్చిన రాజవ్వ మెడలో పుస్తెలతాడును జనంలో ఎవరో తెంపుకొని ఉరికారు. సొత్తు దొరకలేదు. ఆమె గుర్తుపడితేనే కేసు, లేకపోతే లేదు.

ఈ పరేడ్ జైలు లోపల జరుగుతుంది. పోలీసులు ఆ ఛాయలకు రాకూడదు. అనుమానితుడి వయసు, ఎత్తు, ఒడ్డూపొడుగూ ఉన్న ఖైదీలను ఏరి అతనితో కలిపి వరుసగా నిలబెట్టాలి. ఎక్కడ నిలబడాలో అతనే ఎంచుకుంటాడు. అభ్యంతరం ఉందా అని అడగాలి, అతను చెప్పింది రాయాలి. శనివారం ఇవన్నీ చేశాను. తొమ్మిది మందిని నేనే ఏరాను, మీసాలు కూడా పోల్చి చూశాను. అభ్యంతరం సంగతి అడిగితే సాయిలు, “నాకేం ఎర్క సారూ, మీరు నిలవడుమంటే నిలవడ్త” అన్నాడు. రాజవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కొని, తల వంచుకొని వరుస పొడవునా నడిచింది. సాయిలు ముందు ఆగి, “గీయనే” అంది. అంతా పద్ధతి ప్రకారం నడిపానని లోలోపల కాస్త మురిసిపోయాను కూడా.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం పాత హాలీవుడ్ సినిమా సీడీ పెట్టుకున్నాను. నలుపు తెలుపుల నేరకథ. చేయని దోపిడీకి ఒక గుమాస్తాను పట్టుకుంటారు. లా చదివే రోజుల్లో హైదరాబాద్‌లో చూసినప్పుడు హీరో కళ్లు, డిటెక్టివ్ టోపీ తప్ప నా కంటికి ఇంకేమీ ఆనలేదు. ఈసారి చిన్నాచితకా నటుల మీదికి దృష్టి పోయింది. గుర్తింపు పరేడ్ సీను రాగానే ఆపాను, వెనక్కి తిప్పాను, మళ్లీ చూశాను. వరుసలో ఆరుగురు. హీరో పోను మిగిలిన ఐదుగురికి నటీనటుల జాబితాలో పేర్లే లేవు. పేరు కూడా వేయని మనుషుల్ని ఆ దర్శకుడు ఎంత శ్రద్ధగా ఏరాడో! ఒకే రంగు కోట్లు, ఒకే తీరు టోపీలు. బూట్లు కూడా ఒకేలా ఉన్నాయా అని చూడాలనిపించింది.

“సినిమ సూస్తున్నరా, పరేడ్ పెడ్తున్నరా? జర ముందలికి పోనియ్యుండ్రి” అని మా ఆవిడ విసుక్కుంది.

బూట్లు ఆరు జతలూ నల్లవే. సాక్షి వేషం వేసిన ముసలామె మాత్రం ఒక్కొక్కరి ముఖంలో ముఖం పెట్టి చూస్తోంది. రాజవ్వ అలా చూసిందా? ఆమె తల ఎత్తనే లేదు. భయం కాబోలు అనుకున్నాను నేను. తల వంచుకున్న మనిషికి కనబడేవి కాళ్లే కదా అని అప్పుడు తట్టింది. ఇక సినిమా మీద మనసు నిలవలేదు.

సోమవారం పొద్దున్నే జైలుకు వెళ్లి పది మంది కాళ్లూ చూశాను. సాయిలు అరెస్టయి వారం కాలేదు. గోళ్ల చుట్టూ, మడమల పగుళ్లలో పసుపు అలాగే ఉంది. మిగతా తొమ్మిది మందిలో ఒక్కడికీ మరక లేదు. మీసాలు పోల్చిన పెద్దమనిషిని కాళ్లు చూడలేదు. నిజంగా సిగ్గేసింది.

రిపోర్టు ఇంకా నా టేబుల్ దాటలేదు. రాసిన దాన్ని దిద్దకూడదు. అందుకని కింద సోమవారం తేదీ వేసి, కాళ్ల సంగతి, రాజవ్వ తల వంచుకొని నడిచిన సంగతి ఒక పేరాగా చేర్చాను. బెంచి క్లర్కు నర్సయ్యకు ఇది నచ్చలేదు. “మీ పరేడ్‌ను మీరే చెడగొట్టుకుంటున్నరు సార్. రేపు బోనుల నిలవెట్టి మిమ్ములనే అడుగుతరు” అన్నాడు.

అడిగారు. పరేడ్ జరిపిన మేజిస్ట్రేట్ ఆ కేసు విచారించడు, సాక్షిగా వెళ్తాడు. నాకంటే ముందు రాజవ్వను, దొంగ ముఖం గుర్తుందా అని అడిగారు. “పరాయి మొగోళ్ల మొకంల మొకం వెట్టి ఎట్ల సూస్త సారూ? కాళ్లు జూసిన. ఉరికినోని కాళ్లు గిట్లనే పచ్చగుండె” అంది. సీజన్‌లో మా మార్కెట్లో పచ్చగా లేని కాళ్లు ఎవరివి? తర్వాత నేను బోనెక్కాను. శనివారమే ఎందుకు గమనించలేదని సాయిలు వకీలు అడిగాడు. చూడలేదన్నాను.

సాయిలును వదిలేశారు. దొంగ అతనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

తీర్పు వచ్చిన వారానికి రాజవ్వ మా కోర్టు వరండాలో ఎదురైంది. “మొకమే సూడాలెనని నాకు ముందుగాల ఒక్కలన్న జెప్పిండ్రా సారూ? నేను సూడకపోదునా! ఇగ నా పుస్తెలతాడు ఎవలు దెస్తరు?” అంది.

ఆ తర్వాత జరిపిన ప్రతి పరేడ్‌లోనూ నడుము కిందికి దుప్పటి అడ్డం కట్టించాను. సాక్షి రాగానే, తల ఎత్తి ముఖాలు చూడాలి, అందులో తప్పు లేదు అని మొదట చెప్పేవాణ్ణి. పరేడ్ సరిగ్గా జరగకపోతే నష్టపోయేది వరుసలో నిలబడ్డవాడే అని అంతకుముందు అనుకునేవాణ్ణి. వరుస ముందు నడిచిన మనిషి కూడా నష్టపోతుంది.