డబ్బాలో లేని పిలుపు

ఎక్కడైనా వింత శబ్దం వినబడితే నేను దయ్యం కోసం చూడను, ఊడిపోయిన వైరు కోసం వెతుకుతాను. నా పనే అది. పాడిన ముక్కను అప్పటికప్పుడు రికార్డుగా పట్టుకుని, మళ్లీ మళ్లీ తిప్పి వినిపించే డబ్బాలు సొంతంగా తయారు చేసుకుని కచేరీల్లో వాయిస్తాను. పట్టుకునే భాగం ఒకటి, తిప్పేది ఒకటి, ఒక శబ్దం మీద ఇంకో శబ్దాన్ని పొరలా వేసేది ఇంకొకటి. వాటిని కలిపే ప్రోగ్రాం ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. ఇందులో నాకు తెలియనిది ఏమీ లేదనుకునేదాన్ని.

మా బాపుకు దేవరకొండ దగ్గర గొర్రెల మంద ఉంది. కిందటేడు ఆయన గొంతుకు ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు మాట్లాడొద్దన్నారు. మందేమో ఆయన గొంతుకు తప్ప ఇంకెవరి గొంతుకూ తిరగదు. అమ్మ అరిచి అరిచి అలిసిపోయింది. అప్పటికే రెండు గొర్రెలు తప్పిపోయాయి. మంద చెదిరిపోతుందనే దిగులుతో బాపు అన్నం కూడా సరిగా తినడం లేదు. ఆయన్ని చూస్తే నాకు భయమేసింది.

ఎప్పుడో పాటలో వాడదామని పట్టిపెట్టుకున్న ఆయన పిలుపు ఒకటి నా దగ్గర ఉంది. చిన్నది, "ట్రుర్ర్... హో" అని. దాన్ని డబ్బాలో వేసి, స్పీకర్ పట్టుకుని బాపుతో మంద దగ్గరికి వెళ్లాను. మొదటి రోజు గొర్రెలు పరుగెత్తుకుంటూ వచ్చాయి. నా బడాయి చూసి అమ్మ నవ్వింది. రెండు మూడు రోజులకే అవి పట్టించుకోవడం మానేశాయి. ఎన్నిసార్లు పిలిచినా ఒకేలా పిలిచే మనిషి ఉంటాడా మరి!

ఆ మధ్యాహ్నం మంద గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. పైన పొదల్లో చిరుత తిరుగుతోందని ఊళ్లో అనుకుంటున్నారు. డబ్బా అదే పిలుపును తిప్పుతోంది. ఒక్క గొర్రె కూడా తల ఎత్తలేదు. బాపు నా పక్కన నిలబడి పెదవులు కదుపుతున్నాడు, శబ్దం లేదు.

అప్పుడు స్పీకర్‌లోంచి బాపు గొంతుతోనే వేరే పిలుపు వచ్చింది. పొడుగ్గా, కింది స్వరం నుంచి పైకి లేచి, చివర తెగినట్టు ఆగింది. మంద మొత్తం వెనక్కి తిరిగి గబగబా దిగివచ్చింది. నేను బాపు నోటి వైపు చూశాను. పెదవులు అప్పుడే మూసుకున్నాయి.

మైకు ఇంట్లోనే ఉంది. పొరలు వేసే భాగాన్ని నేను అసలు తీసుకెళ్లనే లేదు. డబ్బాలో వెతికితే ఆ చిన్న పిలుపు తప్ప ఇంకేమీ లేదు.

సాయంత్రం బాపు డాక్టరు మాట పక్కన పెట్టి గుసగుసగా అడిగాడు. "గా పిలుపు నీకెట్ల దొరికింది బిడ్డా? చిరుత భయముంటెనే గట్ల పిలుస్త. నీ ముంగట ఎన్నడు పిలువలే. ఇయ్యాల గూడ మనసులనే పిలిచిన."

తర్వాత ఆయన గొంతు వచ్చింది, కాస్త బొంగురుగా. మందకు మళ్లీ అలవాటైంది. కానీ ఆ పొడుగు పిలుపు మాత్రం ఇప్పుడు ఆయనకు రావడం లేదు. మొదలుపెడతాడు, సగంలో ఆగిపోతాడు. నేను ఊరెళ్లినప్పుడల్లా "జర చూడు బిడ్డా, నీ డబ్బాల ఉన్నదేమో" అంటాడు.

ప్రతి భాగం విప్పి చూశాను. లేదు. ఆ రోజు ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. అయినా ఆయన అడిగినప్పుడల్లా స్పీకర్‌లో ఆ చిన్న పిలుపే పెడతాను. ఇద్దరం కాసేపు వింటూ కూర్చుంటాం.