ఊ కొట్టమంటే

గల్ఫ్‌లో, రిఫా ఊళ్ళో నేను ఇంటిపని చేసే రోజుల్లో, పై ఫ్లాట్‌లో ఉండే నైరోబీ పెద్దావిడ బ్లూస్ పాడేది. బ్లూస్ అంటే కష్టాన్ని ఒక్కో వరుసా ఆగి ఆగి చెప్పుకునే పాట. గిన్నెలు తోముతూ నేను తీసే రాగాలు విని, సెలవు రోజుల్లో తన వెనక పాడమంది.

తీరా చూస్తే నా పని ‘ఊ’ అనడమే. ఆ మాత్రానికి మనిషెందుకు, మా వంటింటి ఫ్రిజ్‌ను నిలబెట్టినా చాలునే అని ఒళ్ళు మండేది.

మొదటి ప్రోగ్రాంలో ఆవిడ, తనవాడు తలుపేసుకుని వెళ్ళిపోయాడని ఇంగ్లీషులో పాడి ఆగింది. నేను మా నాన్న బుర్రకథ దళంలో వంత పాడుతూ పెరిగినదాన్ని. కథకుడు ఆగితే వంత ఊరుకోకూడదు, కథను ముందుకు తోయాలి. నా నోరు ఆగలేదు.

“అయ్యయ్యో! మరి నువ్వేం చేశావమ్మా?” అని తెలుగులో, మైకులోనే అడిగేశాను.

ఖలాస్, ఇక గిన్నెలే గతి అనుకున్నాను. ఆవిడ వెనక్కి తిరిగింది. మాట అర్థం కాకపోయినా అడిగింది అర్థమైంది. నవ్వుతూ తర్వాతి వరుస జనానికి కాదు, నాకు చెప్పింది. నేను మళ్ళీ అడిగాను. జనం ఈలలు వేశారు.

మర్నాడు ఫోన్లో జరిగిందంతా విని నాన్న ఒక్కటే అడిగాడు.

“నువ్వడిగితే ఆవిడ జవాబు చెప్పిందా?”

“చెప్పింది నాన్నా.”

“అయితే ఇంకేం, ఆవిడా మన దళంలో మనిషేనే పిల్లా!”