మా మరిది గోల్వెన్, ఎర్రలంక బండి

మా మరిది గోల్వెన్ గురించి ఊళ్ళో చెప్పుకునేదాంట్లో సగం అబద్ధం. ఆ సగాన్నీ పుట్టించింది గోల్వెనే. అందుకే నిజం నేను రాస్తున్నాను. బడికి నేను మూడేళ్ళే వెళ్ళాను, కానీ ఆ మూడేళ్ళూ నిద్రపోలేదు.

తొమ్మిదో ఏట గోల్వెన్ తండ్రి వెంట సముద్రపు నాచు కోయడానికి దిగాడు. నడుం లోతు చల్లటి నీళ్ళలో నిలబడి నాచు లాగడం, గుర్రపు బండిలో గట్టుకు చేర్చడం, ఇసుక దిబ్బల మీద ఎండబెట్టి కాల్చి ఆ బూడిద అమ్మడం, అదీ వాళ్ళ బతుకు. నౌకాదళం వాళ్ళు తీసుకుపోతే రెండేళ్ళు దక్షిణాన తూలోన్‌లో ఉండి వచ్చాడు. ఎలా ఉందని అడిగితే, "అదేం సముద్రం వదినా! ఆటూ లేదు, పోటూ లేదు, పొద్దునా సాయంత్రం ఒక్కచోటే పడుంటుంది, గిన్నెలో పులుసులా" అన్నాడు. మళ్ళీ ఊరు దాటలేదు.

నాచు తీసే యంత్రాల పడవలు వచ్చాక అతనికీ, అతని గుర్రం బిషెట్‌కీ పని పోయింది. అప్పుడే పారిస్ వాళ్ళు వేసవిలో మా ఎర్రరాళ్ళు చూడటానికి రావడం మొదలైంది. ఆటు వేళ నీళ్ళు వెనక్కి పోయాక ఇసుక మీదుగా బిషెట్ బండిలో వాళ్ళను ఎదురుగా ఉన్న ఎర్రలంకకు తీసుకెళ్ళేవాడు. ప్రతి రాయికీ ఒక పేరు చెప్పేవాడు. ఆడవాళ్ళు వస్తే పెళ్ళికూతురు, పాదిరీ వస్తే బిషప్పు, రాయి మాత్రం అదే.

ఒక వేసవిలో ఊరి కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. అనుమతి లేకుండా ఇకమీదట బండి దాటకూడదట. తనిఖీకి ఒకావిడ వస్తుందట. దాటే వేళలు ఏ ఆధారంతో నిర్ణయిస్తారో కాగితం చూపాలట. అనుమతి రాకపోతే బిషెట్‌ను అమ్మాల్సిందే. పని లేని గుర్రానికి గడ్డి పెట్టే స్తోమత అతనికి లేదు.

"కాగితమా?" అన్నాడు గోల్వెన్. "నీళ్ళు చూసి వెళ్తాను, నీళ్ళు చూసి వస్తాను. దానికి కాగితమేంటి వదినా?"

"ఆవిడ నీళ్ళు చదవలేదుగా. కాగితమే కొను" అన్నాను నేనే.

రేవులో ఆటుపోట్ల పట్టిక కొన్నాడు. వేసవిలో గడియారాలు గంట ముందుకు తిప్పమని ప్రభుత్వం చెప్పిన కొత్త అది. ఊరంతా తిప్పింది, గోల్వెన్ తప్ప. "ఆవులకు చెప్పారా? సముద్రానికి చెప్పారా?" అని అతని వాదన. ఆ ఏటి పట్టికేమో కొత్త గంటల ప్రకారం అచ్చయింది. అట్ట మీద రాసే ఉంది. గోల్వెన్‌కు అంకెలు తప్ప అక్షరాలు రావు. నాకు చూపిస్తే చదివి చెప్పేదాన్ని. చూపించలేదు.

తనిఖీకి వచ్చినావిడ పేరు ఒడెట్ క్వెమెనేర్. నున్నటి బూట్లు, మూతి మీద నవ్వు లేదు. గోల్వెన్ పెళ్ళినాటి కోటు తొడిగాడు. ఆవిడకు ఆకలేస్తే పరువు పోతుందని నేనూ బుట్టతో బండెక్కాను.

లంక మీద ఆవిడ అన్నీ కొలిచి రాసుకుంది. గోల్వెన్ ఒక చేత్తో పట్టిక, ఇంకో చేత్తో జేబు గడియారం పట్టుకుని నోటరీలా నిలబడ్డాడు. జన్మలో మొదటిసారి సముద్రానికి వీపు పెట్టాడు.

"ఇంకా గంట టైముంది మేడమ్, ఇదిగో చూడండి, అచ్చులో ఉంది" అన్నాడు.

తీరా బయల్దేరబోతే బిషెట్ కదలదు. అదిలించాడు, బతిమాలాడు, తిట్టాడు. అది ముందుకాళ్ళు తన్నిపెట్టి నిలబడింది. చూద్దుము కదా, దారి మధ్యలో నీళ్ళు రెండు వైపుల నుంచీ కలిసిపోయాయి.

"మీ గడియారంలో ఎంతయింది?" అని ఆవిడ అడిగింది.

"పన్నెండు."

"నాదాంట్లో ఒంటిగంట."

గోల్వెన్ మొహం సున్నం కొట్టినట్టయింది. నేను ఊరుకోలేదు. "చదువొచ్చిన పెద్దమనిషీ, ఆ పట్టిక పరిచి దాని మీద కూర్చో. రాత్రి తొమ్మిదింటి దాకా మనకు వేరే పనేం లేదు" అన్నాను.

బుట్టలో నల్లగోధుమ అట్లూ, ఉప్పు వెన్నా, ఒక సీసా ఆపిల్ కల్లూ ఉన్నాయి. గోల్వెన్ సిగ్గుతో వెళ్ళి రాళ్ళకు అతుక్కున్న నత్తలు కత్తితో ఊడదీసుకొచ్చి ఎండునాచు మంట మీద కాల్చాడు. బండి తిరిగి రాలేదని చూసి మధ్యాహ్నం మా మేనల్లుడు పడవ తెచ్చాడు. గోల్వెన్ గుర్రాన్ని వదిలి రానన్నాడు. అతన్ని ఒక్కణ్ణీ వదిలితే ఆ దిగులుతో ఏం చేస్తాడోనని నేనూ కదల్లేదు.

"మీరైనా ఎక్కండి మేడమ్" అన్నాడు మేనల్లుడు.

క్వెమెనేర్ మేడమ్ అప్పటికి బూట్లు విప్పి మూడో అట్టు మీద ఉంది. "తనిఖీ పూర్తి కాలేదు" అంది వెన్న వేళ్ళు నాకుతూ.

మా వైపు వేసవిలో తొమ్మిదైనా చీకటి పడదు. మళ్ళీ నీళ్ళు దిగేసరికి పొద్దు ఇంకా ఉంది, ఆ వెలుగులో రాళ్ళు నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి. ఈసారి గోల్వెన్ జేబులో చెయ్యి పెట్టలేదు. నీళ్ళకేసి చూస్తూ కూర్చుని, బిషెట్ తనంతట తాను అడుగేశాక పగ్గాలు అందుకున్నాడు. ఆవిడ అదంతా రాసుకుంది.

దారిలో గోల్వెన్, "గుర్రాన్ని అమ్మేయాలా మేడమ్?" అని అడిగాడు.

"ఈ బండి మీద తెలివైంది అదొక్కటే. దాన్ని అమ్మితే ఎలా?" అంది ఆవిడ.

నన్నూ కలిపి అందని నాకు అర్థమైంది. అట్లు తిన్న నోరు కదా అని సహించాను.

పది రోజులకు అనుమతి వచ్చింది. వేళ నీళ్ళను చూసే నిర్ణయించాలి, ప్రతిసారీ తోడుగా బార్బా అనే నేను బండి మీద ఉండాలి, వెనక్కి తిరిగే విషయంలో ఆఖరి మాట నాది.

గోల్వెన్ నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. "ఆ చివరి ముక్క నువ్వు కలిపావేమో వదినా!"

"కలిపేదాన్నయితే నీ కోటు ఉతకమని కూడా కలిపేదాన్ని."

మర్నాడే లియోన్ నుంచి వచ్చిన కుటుంబాన్ని ఎక్కించుకుని వెళ్ళాం. లంక మీద కాసేపయ్యాక "ఇక పద" అన్నాను.

"ఇంకా అరగంట ఉంది వదినా, నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో చూడు."

అతనన్న మాట నిజమే, అరగంట ఉంది. అయినా పదమన్నాను. సణుగుతూ బండి తిప్పాడు.