మా మావయ్య ట్రాలీకి గార్డు

మా మావయ్య భీమారావుది రాయపూర్‌లో రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. జేసీబీ నడుపుతాడు. ఇంట్లో వాదన మొదలుపెడితే మా అత్త రమణమ్మ ఎంత మొత్తుకున్నా ఆగడు. రోడ్డు మీద ట్రాలీ లాగేటప్పుడు మాత్రం ఆవిడ పచ్చజెండా ఊపనిదే అంగుళం కదలడు.

అత్తవాళ్ళ నాన్న గూడ్సు బండి గార్డు. పోతూ పోతూ అల్లుడికి పచ్చదొకటి, ఎర్రదొకటి రెండు జెండాలు మిగిల్చాడు. జేసీబీకి ట్రాలీ తగిలించిన రోజున మావయ్యకి పూనకమే. వెనక లైట్లు రెండుసార్లు చూస్తాడు. రైలు చివరి పెట్టెకి ఉన్నట్టే ట్రాలీ వెనక పసుపు రంగు ఇంటూ గుర్తు కూడా వేయించాడు. ట్రాలీలో మనిషిని కూర్చోబెట్టకూడదు కనక గార్డుగారు, అంటే అత్త, స్కూటీ మీద వెనకాలే రావాలి. ప్రతి మలుపులోనూ మావయ్య అద్దంలో చూస్తాడు. పచ్చజెండా కనబడకపోతే బండి పక్కకి తీసి ఆపేస్తాడు. కాలనీ అంతా నవ్వేది. ఆయన మా మావయ్య కాదని నేను చెప్పుకు తిరిగేవాణ్ణి.

ఒకరోజు సెంట్రింగ్ సామాను ఊరి బయట ధర్సీవాకి చేర్చాలి. బయల్దేరుతుంటే బండి యజమాని కాంట్రాక్టరు ఫోను చేశాడు. "పదకొండు దాటితే రేపట్నుంచి బండి ఆ కుర్ర డ్రైవరు చిన్నారావుది. నువ్వు ఇంట్లో కూర్చుని జెండాలు ఊపుకో."

ఇరవై రెండేళ్ల పని! మావయ్య మొహం మాడిపోయింది. ఆ కంగారులో గొలుసు తగిలించాడు, ట్రాలీని జేసీబీకి కలిపే పిన్ను దింపాడు, పిన్ను పైకి లేవకుండా పెట్టే క్లిప్పు మాత్రం మరిచిపోయాడు.

పదీ నలభైకి ధర్సీవా రోడ్డు మలుపులో అద్దంలోకి చూస్తే ఎర్రజెండా.

"ఏటే రమణా, ఇప్పుడేటి నీ ఆటలు? నా నౌకరీ పోతాది!" అని అరిచాడు గానీ, కాలు ఎప్పుడో బ్రేకు మీదికి వెళ్లిపోయింది. వెనక హారన్లు మోగాయి. పోలీసు వచ్చి కదలమన్నాడు.

"గార్డు ఒప్పుకోలేదు సాబ్," అన్నాడు మావయ్య.

పోలీసు అటూ ఇటూ చూశాడు. రైలెక్కడా కనబడలేదు.

అత్త వచ్చి చూపించింది. "ట్రాలీ అటూ ఇటూ ఊగుతుంటే ఆపీమన్నాను. కిలిప్పేదయ్యా?" పిన్ను ముప్పాతిక వంతు పైకొచ్చేసి ఉంది. మావయ్య చొక్కా జేబు తడుముకుంటే క్లిప్పు చేతికి తగిలింది. నిజంగా సిగ్గుపడ్డాడు.

ధర్సీవా చేరేసరికి పదకొండుంపావు. కాంట్రాక్టరు తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. అత్త ఆ చేతికడ్డంగా ఎర్రజెండా పెట్టి, జరిగిందంతా హిందీలో గడగడా చెప్పేసింది. "తప్పు ఈయనదే. కానీ నౌకరీ పోతుందని తెలిసీ, నేను ఆపమంటే ఆపాడు. మీ చిన్నారావు ఆపుతాడా?"

కాంట్రాక్టరు కాసేపు బుర్ర గోక్కుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇప్పుడు ఎవరడిగినా ఆయన మా మావయ్యేనని చెప్తున్నాను. మొన్న భోజనానికి వెళ్తే, చారులో ఉప్పెక్కువైందని వాదన మొదలెట్టాడు. అత్త వంటింటి మేకుకి తగిలించిన ఎర్రజెండా తీసి చూపించింది.

మావయ్య నోరు మూసుకుని అన్నం కలుపుకున్నాడు.